మా అమ్మాయిని నర్సు ట్రైనింగులో చేర్చవచ్చునా?



ఆదివారం దివ్యపూజాబలి ముగిశాక గుడి ఆవరణలో తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలలో ఒకటి ప్రతి వేసవిలోను మళ్ళీ వినిపిస్తుంది. "మా అమ్మాయి పరీక్ష పాసయింది. నర్సు ట్రైనింగులో చేర్చమని అందరూ చెబుతున్నారు. చేర్చవచ్చునా?"

చేర్చవచ్చు, తప్పక చేర్చవచ్చు. కాని ఆ ప్రశ్న వెనుక ఇంకొక ప్రశ్న ఉంది. ఏ ట్రైనింగు? దానిని గుర్తించేది ఎవరు? ఈ రెండవ ప్రశ్న అడగకుండా ఫీజు కట్టిన కుటుంబాలు పోగొట్టుకొనేది డబ్బు మాత్రమే కాదు. బిడ్డ వయస్సులో రెండేళ్ళు పోతాయి. సరిగా నేర్వని చేతిలో పడిన రోగి ప్రాణమే పోవచ్చు. కనుక ఈ వారం ఈ పని ఏమిటో, దానికి దారులు ఏవో, చేరకముందు ఏమి చూడాలో కలిసి తెలుసుకుందాం.

జాలి ఒక్కటే చాలదు

లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరీయుని కథ మనకందరికీ తెలుసు. ఆ కథను ఈసారి ఒక నర్సు కళ్ళతో చదవండి. సమరీయుడు అద్భుతమేమీ చేయలేదు. గాయాలను నూనెతోను ద్రాక్షారసంతోను కడిగాడు, కట్టు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించి సత్రానికి చేర్చాడు. ఆ రాత్రి తానే కనిపెట్టుకొని ఉన్నాడు. మరునాడు సత్రపు యజమానికి అప్పగించి, మళ్ళీ వచ్చి చూస్తానని మాట ఇచ్చాడు. ప్రథమ చికిత్స, రోగిని తరలించడం, రాత్రి డ్యూటీ, మరొకరికి అప్పగించడం, తిరిగి వచ్చి విచారించడం. నేటి వైద్య సహాయకులు చేసేది ఇదే. అతనికి జాలి ఉంది, దానితోపాటు ఏమి చేయాలో కూడా తెలుసు.

మన తెలుగు నేలమీద ఈ సంగతి బాగా తెలిసిన ఒక మఠకన్య ఉండేవారు. ఆస్ట్రేలియా దేశంలో డాక్టరు చదువు చదివిన మేరీ గ్లౌరీ 1920లో గుంటూరు వచ్చి, జీసస్ మేరీ జోసఫ్ సభలో చేరి, సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అయ్యారు. ఆ రోజుల్లో ఎందరో స్త్రీలు మగ డాక్టరు ముందుకు రావడానికి ఇష్టపడేవారు కారు. ఒక్క డాక్టరమ్మ ఎంతమందిని చూడగలరు? అందుకే ఆమె స్థానిక స్త్రీలకు మందులు కలపడం, కాన్పులు చేయడం, రోగులను చూసుకోవడం నేర్పించారు. మఠకన్యలు కాన్పుల వైద్యం నేర్చి చేయడానికి రోము నుండి విస్తృతమైన అనుమతి 1936లో గాని రాలేదు. 1943లో ఆమె గుంటూరులో స్థాపించిన క్యాథలిక్ ఆసుపత్రుల సంఘమే నేడు సికింద్రాబాదు కేంద్రంగా పనిచేస్తున్న 'చాయ్'. 1957లో ఆమె ప్రభువునందు నిద్రించారు. 2013లో తిరుసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. డాక్టరు ఎంత గొప్పవారైనా పక్కన తర్ఫీదు పొందిన చేతులు కావాలని ఆమె జీవితం మనకు నేర్పుతుంది.

నారాయణఖేడ్ పల్లెల్లో ఈ పని

నారాయణఖేడ్ వంటి చోట ఆ చేతుల అవసరం మరీ ఎక్కువ. పూర్వపు మెదక్ జిల్లాలోని ఈ ప్రాంతం 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉంది. పక్కనే కర్ణాటక, బీదరు పట్టణం. పల్లెల్లో తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ వినిపిస్తాయి, తండాల్లో లంబాడీ మాట. మైదాన ప్రాంతంలో 5,000 మందికి, గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉండాలన్నది ప్రభుత్వ నియమం. దానికి ప్రాణం ఎ.ఎన్.ఎం., అంటే మనం నర్సమ్మ అని పిలిచే ఆమె.

ఆమె పని సూది వేయడమే అనుకుంటే పొరపాటు. ఒక ఉదాహరణ చూడండి. చెరకు నరకడానికి ఇక్కడి కుటుంబాలు ఏటేటా వలస పోతాయి. ఆరు వారాల పసిబిడ్డను చంకన వేసుకొని ఒక తల్లి బయలుదేరిందనుకోండి. ఆ బిడ్డకు పెంటావాలెంట్ టీకా 6, 10, 14 వారాలకు పడాలి. తొమ్మిది నెలలు నిండాక తట్టు, రుబెల్లా టీకా పడాలి. నర్సమ్మ మొదటి టీకా వేసి, కార్డు మీద తేదీలు రాసి, "ఈ కార్డు పారేయకమ్మా, నువ్వు పోయిన ఊరిలో సర్కారు దవాఖానకు పోయి చూపించు, అక్కడ కూడా వేస్తారు" అని ఆ తల్లికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. చెప్పకపోతే ఆ బిడ్డ తిరిగి వచ్చేసరికి రెండు టీకాలు తప్పిపోతాయి. తండా మాట వచ్చిన అమ్మాయి నర్సు అయితే ఆ ఊరికి ఎంత మేలో ఆలోచించండి.

ఇక నేర్వవలసిన విద్య కూడా చిన్నదేమీ కాదు. టీకా మందును 2 నుండి 8 డిగ్రీల చలిలో ఉంచాలి. పెంటావాలెంట్ వంటి కొన్ని టీకాలు గడ్డకడితే పనికిరావు. గర్భిణికి రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత, 7కు తగ్గితే ప్రమాదం, వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపాలి. బి.పి. 140/90 గాని అంతకు మించి గాని ఉంటే డాక్టరుకు చూపించాలి. వాడిన సూదిని ఏ డబ్బాలో వేయాలో, రక్తం అంటిన దూదిని ఏ రంగు సంచిలో వేయాలో 2016 నాటి వైద్య వ్యర్థాల నిబంధనలు చెబుతాయి. ఇవన్నీ పుస్తకంలో చదివితే రావు. రోగి మంచం పక్కన, తెలిసినవారి కనుసన్నలలో, పదేపదే చేస్తేనే వస్తాయి.

ఏ దారులు ఉన్నాయి?

అమెరికాలో డాక్టరు క్లినిక్‌లో బి.పి. చూసి, కాగితాలు రాసి, రక్తం తీసే ఉద్యోగిని మెడికల్ అసిస్టెంట్ అంటారు. ఆ పేరు మన ఊళ్ళ బోర్డుల మీద కూడా కనిపిస్తుంది. కాని మన ఉపకేంద్రంలో ఉద్యోగానికి అడిగేది ఆ పేరు కాదు. మన దగ్గర ఉన్న ముఖ్యమైన దారులు ఇవి:

1. ఎ.ఎన్.ఎం.: రెండేళ్ళ కోర్సు, అమ్మాయిలకు మాత్రమే. ఇంటర్ పాసై, 17 ఏళ్ళు నిండాలి.

2. ఇంటర్ వొకేషనల్‌లో మల్టీ పర్పస్ హెల్త్ వర్కర్: పదవ తరగతి తరువాత రెండేళ్ళు. ఆ పైన ఆసుపత్రిలో ఒక ఏడాది క్లినికల్ శిక్షణ పూర్తి చేసి, రిజిస్ట్రేషన్ చేయించుకుంటేనే నర్సమ్మ ఉద్యోగానికి అర్హత. చాలామంది ఈ ఏడాది సంగతి తెలియక ఇంటర్‌తో ఆగిపోతున్నారు.

3. జి.ఎన్.ఎం.: ఇంటర్ తరువాత మూడేళ్ళు. అబ్బాయిలు కూడా చేరవచ్చు.

4. బి.ఎస్సీ. నర్సింగ్: బై.పి.సి. చదివినవారికి నాలుగేళ్ళు. అబ్బాయిలకు కూడా అవకాశం ఉంది.

5. ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా: రెండేళ్ళు. రక్త, మూత్ర పరీక్షలు చేసే పని. వార్డుకు జంకే పిల్లలు దీని గురించి ఆలోచించవచ్చు.

6. జనరల్ డ్యూటీ అసిస్టెంట్: కొద్ది నెలల శిక్షణ. రోగిని కడగడం, తినిపించడం, పక్క మార్చడం, చక్రాల కుర్చీలో తీసుకుపోవడం ఇందులోని పని. ఇది గౌరవమైన పని. కాని దీనితో నర్సు కారు. నర్సు అవుతారని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఒక తండ్రి అనుభవం

మాకు తెలిసిన ఒక రైతు తన కుమార్తెను ఒక పట్టణంలో ఏడాది 'మెడికల్ అసిస్టెంట్' కోర్సులో చేర్పించాడు. అద్దెకు తీసుకున్న రెండు గదులు, గోడమీద రంగుల బోర్డు. ఫీజు కోసం జత ఎడ్లను అమ్మాడు. అమ్మాయి ఏడాదంతా నోట్సు రాసుకుంది. వార్డులో ఒక్క రాత్రి కూడా పనిచేయలేదు. చివరకు బంగారు అంచు సర్టిఫికెట్టు వచ్చింది. సర్కారు ఉద్యోగానికి దరఖాస్తు నింపేటప్పుడు అందులో ఒక గడి ఉంది: కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు. ఆ నంబరు ఆమెకు లేదు. ఎప్పటికీ రాదు కూడా, ఎందుకంటే ఆ సంస్థ పేరు కౌన్సిల్ జాబితాలోనే లేదు.

ఆ బిడ్డ తెలివి తక్కువది కాదు. ఆ తండ్రి మోసగాడు కాదు. అడగవలసిన ప్రశ్నలు వారికి ఎవరూ చెప్పలేదు, అంతే. కనుక ఇప్పుడు చెప్పుకుందాం.

చేరకముందు అయిదు ప్రశ్నలు

ఒకటి: దీనిని ఎవరు గుర్తించారు? నర్సింగ్ కోర్సులకు భారత నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉండాలి. ల్యాబ్ వంటి పారా మెడికల్ కోర్సుల విషయంలో రాష్ట్రంలోని సంబంధిత బోర్డును విచారించాలి. 2021లో కేంద్రం ఈ వృత్తులకు కొత్త చట్టం చేసింది, కనుక నిబంధనలు మారుతుంటాయి. పాత అనుమతి చూసి సరిపెట్టుకోకండి. ఈ ఏటి అనుమతి పత్రం చూపించమనండి. 'అప్లై చేశాము, వస్తుంది' అంటే లేదనే అర్థం.

రెండు: శిక్షణ ఏ ఆసుపత్రిలో? ఎన్ని పడకలు, ఎంత దూరం, పిల్లలను ఎవరు తీసుకుపోతారు? ఆ ఆసుపత్రికి మీరే ఒకసారి వెళ్ళి, ఫలానా స్కూలు పిల్లలు ఇక్కడికి వస్తారా అని అడగండి. ఒడ్డున కూర్చున్నవారికి ఈత రాదు.

మూడు: పరీక్ష పెట్టేది ఎవరు? స్కూలువారే చెప్పి, స్కూలువారే పరీక్ష పెట్టి, స్కూలువారే సర్టిఫికెట్టు ఇస్తే అనుమానించండి.

నాలుగు: మొత్తం ఖర్చు ఎంత? ఫీజు, హాస్టలు, పరీక్ష, యూనిఫారం అన్నీ కలిపి కాగితం మీద రాయించుకోండి. ప్రతి రూపాయికి రసీదు తీసుకోండి. అసలు సర్టిఫికెట్లు ఇస్తే వాటికీ రసీదు అడగండి.

అయిదు: నిరుడు చదివినవారు ఇప్పుడు ఎక్కడున్నారు? ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. రంగుల కాగితం చెప్పనిది వారు చెబుతారు.

ఫీజు విషయంలో ఇంకొక మాట. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్.సి. కుటుంబాలు బి.సి.-సి వర్గం కిందికి వస్తాయి. ప్రభుత్వ ఉపకార వేతనానికి, ఫీజు వాపసుకు మీ బిడ్డకు అర్హత ఉందేమో కాలేజీలోను, మండల కార్యాలయంలోను ముందే విచారించి, కులం, ఆదాయం సర్టిఫికెట్లు సిద్ధం చేసుకోండి. అప్పు చేయడం ఆఖరి మాటగా ఉండాలి.

హద్దులు, అంతరాత్మ

చదువు ముగిశాక ఒక శోధన వస్తుంది. ఊరివారు "డాక్టరమ్మా" అని పిలుస్తారు. సెలైను పెట్టమంటారు, మందులు రాయమంటారు, డబ్బు ఇస్తామంటారు. డాక్టరు చదువు లేకుండా వైద్యం చేస్తే 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం కింద ఏడాది వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా పడవచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, తెలియని మందు ఇచ్చి ఒక తల్లిని పోగొడితే ఆ భారం ఎవరు మోస్తారు? "ఇది నా చేతిలో లేదు, పదండి ఆసుపత్రికి, నేను కూడా వస్తాను" అనగలగడం మంచి నర్సు లక్షణం.

మన బిడ్డలకు ఇంకో రెండు సంగతులు ఇంట్లోనే నేర్పాలి. గర్భంలో ఉన్నది ఆడో మగో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. దేవుడు ఇచ్చిన ప్రాణాన్ని కాపాడడమే మన పని కనుక అందులో ఏ పాలూ పంచుకోరాదు. అలాగే రోగి రహస్యం బావిలో పడిన రాయి. హెచ్.ఐ.వి. ఉన్నవారి సంగతి వారి అనుమతి లేకుండా బయటపెట్టరాదని 2017 చట్టం కూడా చెబుతుంది. గుడి మెట్ల దగ్గర మాట జారినా అది ఒక కుటుంబాన్ని కూల్చవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మనవి

"రాత్రి డ్యూటీలు ఉంటాయి, రేపు పెళ్ళి సంబంధాలు ఎలా?" అని కొందరు వెనుకాడుతారు. మీ భయం అర్థమవుతుంది. హాస్టలు భద్రతను అడిగి, చూసి తృప్తిపడండి. కాని మీ కోడలికి అర్ధరాత్రి నొప్పులు వచ్చినప్పుడు ఆసుపత్రిలో ఒక అమ్మాయి మెలకువతో ఉండాలని మీరే కోరుకుంటారు కదా. ఆమె కూడా ఒకరి కూతురే. గర్భవతియైన ఎలిజబెతమ్మ దగ్గరకు కొండదారిన త్వరపడి వెళ్ళి, సుమారు మూడు నెలలు ఉన్న మరియతల్లి కూడా ఒక ఇంటి కన్యకయే.

ఈ వారం ఇంటిలో కూర్చుని మాట్లాడుకోండి:

మన బిడ్డకు రోగుల మీద నిజంగా మనసు ఉందా, లేక జీతం కోసం మనమే తోస్తున్నామా?

మనం చూసిన స్కూలును పై అయిదు ప్రశ్నలూ అడిగామా?

మన విచారణలో నర్సుగా పనిచేస్తున్న ఆడబిడ్డలు ఎవరు? ఆదివారం పూజ తరువాత పది నిమిషాలు మన పిల్లలతో మాట్లాడమని వారిని అడగవచ్చునా?

ఏటా ఫిబ్రవరి 11న తిరుసభ వ్యాధిగ్రస్తుల ప్రపంచ దినం జరుపుతుంది. ఆనాడు రోగుల కోసం ప్రార్థిస్తాము. వారి పక్కన నిలిచే చేతుల కోసం, వాటిని తర్ఫీదు చేసే గురువుల కోసం కూడా ప్రార్థిద్దాం. మీ ఇంటి నుండి అలాంటి చేతులు రెండు దేవునికి ఇవ్వగలిగితే ధన్యులు. అయితే ఇచ్చే ముందు, అవి సరైన చోట నేర్చుకుంటున్నాయో లేదో అడిగి తెలుసుకోండి.