ఎండ, చర్మం, కొన్ని అపోహలు

మేము ఈ హాస్టల్లో చదువుకుని వెళ్లినవాళ్లం. మాలో ఒకరు నర్సింగ్, ఇద్దరు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్నాం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సారు కబురు పెడితే, మణుగూరు పిల్లలం కదా, ఎండ గురించే రాద్దామనుకున్నాం. ఓపెన్‌కాస్టు గనుల పక్కన, తునికాకు కోసే ఊళ్ల మధ్య పెరిగిన మనకు ఎండ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ ఎండ చర్మాన్ని ఏం చేస్తుంది అని అడిగితే మాత్రం తలా ఒక మాట చెప్తాం. అందులో సగం తప్పులే.

ముందుగా ఒక విషయం. ఎండలో మనకు తెలిసే వేడి వేరు, చర్మాన్ని దెబ్బతీసే అతినీలలోహిత కిరణాలు వేరు. ఈ కిరణాలు కంటికి కనబడవు, ఒంటికి వేడిగా తగలవు. అందుకే మబ్బు పట్టిన రోజున, చల్లగా ఉండే ఊటీ లాంటి కొండల మీద కూడా ఇవి ఉంటాయి. ఎత్తుకు పోయినకొద్దీ ఎక్కువవుతాయి కూడా. ఇవి ఎప్పుడు బలంగా ఉంటాయో తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. మన నీడ మనకన్నా పొట్టిగా ఉంటే కిరణాలు జోరుగా ఉన్నట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1992లోనే సూర్యకిరణాలను మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది.

"అయితే మన పని అయిపోయినట్టేనా?" అని భయపడకండి తమ్ముళ్లూ. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఈ కిరణాలను చాలావరకు ఆపుతుంది. రంగు కణాల సంఖ్య తెల్లవారికీ మనకూ దాదాపు సమానమే. అవి తయారుచేసే మెలనిన్‌లోనే తేడా. ఆస్ట్రేలియాలో తెల్లవారికి చర్మ క్యాన్సర్ విపరీతంగా వస్తుంది, మన దేశంలో చాలా తక్కువ. నల్లగా ఉన్నామని అద్దం ముందు బాధపడే తమ్ముళ్లు ఈ మాట రెండుసార్లు చదవాలి. తెల్లబడటానికని షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, మొటిమలు వస్తాయి, ఎండకు మంట పుడుతుంది.

మరి మనకు అసలు రాదా? వస్తుంది. అయితే ఎక్కువగా ఎండ తగలని చోట వస్తుంది. అరికాలు, అరచేయి, గోటి కింద. జమైకా గాయకుడు బాబ్ మార్లీ నల్లజాతివాడు. ఆయన కాలి బొటనవేలి గోటి కింద మచ్చను మొదట ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. 1977లో అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అని తేలింది. 1981 మే 11న, 36 ఏళ్లకే ఆయన చనిపోయాడు.

ఇంకొక దారి పాత గాయాలు. కాశ్మీరులో చలికి నిప్పుల కుంపటిని బట్టల లోపల పెట్టుకుంటారు. ఆ వేడి తగిలే పొట్ట, తొడల మీద క్యాన్సర్ రావడం వైద్యులు చాలాకాలం కిందటే గమనించారు. ధోవతి, చీర నడుముకు బిగించి కట్టినచోట ఏళ్లకేళ్లు ఒరుసుకుని, పుండుపడి వచ్చేదానికి ధోవతి క్యాన్సర్, చీర క్యాన్సర్ అనే పేర్లే ఉన్నాయి.

ఇది మాకు పుస్తకంలో చదివిన సంగతి మాత్రమే కాదు. మాలో ఒకరి పెదనాన్న చిన్నప్పుడు చలిమంటలో పడితే మోకాలి కింద కాలింది. మచ్చ మిగిలింది. నలభై ఏళ్ల తర్వాత ఆ మచ్చ మీద చిన్న పుండు లేచింది. తునికాకు రోజులు. పొద్దున్నే అడవికి పోయి కోసుకొచ్చి, యాభై ఆకులకొక కట్ట కట్టి, కల్లంలో ఎండబెట్టే హడావుడి. "ఎండకు వేడి చేసింది, అదే పోతుంది" అన్నాం ఇంట్లో అందరమూ. చెట్టు పసరు పోశారు, పసుపు పెట్టారు, ఆయింట్‌మెంటు రాశారు. నొప్పి లేదు కాబట్టి ఆయన కూడా పట్టించుకోలేదు. ఏడాదిన్నర గడిచాక, వాసన వస్తోందని హైదరాబాదు తీసుకెళ్తే చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. అప్పటికే ఎముకకు పాకింది. కాలు తీసేశారు. మొదట్లోనే వస్తే ఆ మచ్చ వరకు కోసి కుట్టేవాళ్లమని డాక్టరు చెప్పినప్పుడు మా దగ్గర జవాబు లేదు.

సన్‌స్క్రీన్ సంగతి కూడా చాలామంది అడుగుతున్నారు. డబ్బా మీద ఉండే 15 అంకె సుమారు 93 శాతం, 30 అంకె 97 శాతం, 50 అంకె 98 శాతం కిరణాలను ఆపుతుందని అర్థం. 30కి 50కి తేడా ఒక్క శాతమే, ధరలో మాత్రం చాలా. రెండు గంటలకొకసారి మళ్లీ రాయాలి. అంత ఖర్చు మనకెందుకు? దట్టమైన నేత బట్ట, తువ్వాలు, గొడుగు చాలు. పుట్టుకతోనే మెలనిన్ లేని తెల్లజుట్టు పిల్లలకు, బొల్లి మచ్చలున్నవారికి మాత్రం సన్‌స్క్రీన్ అవసరమే, వాళ్ల చర్మానికి ఆ కవచం లేదు. బొల్లి అంటువ్యాధి కాదు, కుష్ఠు అంతకన్నా కాదు. ఒకే కంచంలో తినొచ్చు.

సన్‌స్క్రీన్ వడదెబ్బను ఆపదు. జేబులో ఉల్లిపాయ కూడా ఆపదు. దాన్ని అన్నంలో నంజుకోవడం మేలు. మన ప్రాంతంలో ఎండ మనుషుల్ని చంపేది వడదెబ్బతోనే. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. ఎండలో పనిచేసేవాళ్లకు దాహం వేయకముందే నీళ్లు, మజ్జిగ, ఉప్పు కలిపిన గంజి ఇవ్వాలి.

ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నల, తాతల అరికాళ్లు, పాత కాలిన మచ్చలు ఒకసారి చూడండి. నెల దాటినా మానని పుండు, పెరుగుతున్న లేదా రంగు మారుతున్న నల్లమచ్చ, గోటి కింద కొత్తగా వచ్చిన నల్లగీత కనబడితే ఆసుపత్రిలో చూపించి, ముక్క పరీక్ష కావాలా అని మీరే అడగండి. వెళ్లేటప్పుడు ఆరోగ్యశ్రీ కార్డు మర్చిపోవద్దు. పెదనాన్న ఇప్పుడు కర్ర పట్టుకుని కల్లం దగ్గర కూర్చుని కట్టలు లెక్కపెడుతున్నాడు, ఎవరి కాలి మీద పుండు కనబడినా ముందు ఆయనే కేకేస్తాడు.