బరువు దించుకొనే రాయి

హోసూరుకు దక్షిణంగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో డెంకణికోట ఉన్నది. కృష్ణగిరి జిల్లాలోని ఈ ఊరి చుట్టుపక్కల తెలుగు, కన్నడం, తమిళం మూడు భాషలూ వినబడతాయి. ఇక్కడి నుండి అంచెట్టి వైపు పోయేకొద్దీ దారి అడవిలోకి, కొండలలోకి దిగుతుంది. నేడు ఆ దారిన బస్సులు తిరుగుతున్నాయి. కాలిబాటలే గతియైన రోజులలో రాగులు, చింతపండు, కట్టెలు మనుషుల తలలమీదనే సంతకు చేరేవి.

తలమీద బరువుతో నడవడం ఒక ఎత్తు, దానిని దించడం మరొక ఎత్తు. మూటను తలకెత్తాలంటే ఎవరో ఒకరు చేయి వేయాలి. ఇంటి దగ్గర ఆ చేయి దొరుకుతుంది. నడిదారిలో దొరకదు. అందుచేత ఒంటరిగా పోయేవాడు మెడ నరాలు లాగుతున్నా, కాళ్లు వణుకుతున్నా మూట దించడానికి జంకేవాడు. దించితే మరొక మనిషి వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి కదా!

ఈ కష్టం ఎరిగిన పెద్దలు ఒక ఉపాయం చేశారు. బాట పక్కన రెండు రాతి కంబాలు పాతి, వాటిమీద అడ్డంగా ఒక బండ పరిచారు. దాని ఎత్తు ఇంచుమించు మనిషి భుజం వరకు ఉంటుంది. బాటసారి దాని దగ్గరకు వచ్చి, కొంచెం వంగి, మూటను బండమీదికి జరిపితే చాలు. అలసట తీరాక తల వంచి మూటను మళ్లీ తలమీదికి లాగుకొంటాడు. ఎవరి సాయమూ అక్కరలేదు. తమిళులు ఈ రాయిని సుమైతాంగి అంటారు. సుమై అంటే బరువు, తాంగి అంటే మోసేది. కన్నడిగులు హొరెగల్లు అంటారు. కేరళలో దీని పేరు అత్తాణి.

తమిళనాట ఈ రాళ్లలో అనేకం ఊరికే నిలిపినవి కావు. కడుపుతో ఉండి, ప్రసవం కాకుండానే కన్నుమూసిన స్త్రీల జ్ఞాపకంగా వారి బంధువులు నిలిపినవి. మోసిన బరువు దించుకోకుండానే పోయిన ఆ తల్లికి, దారిన పోయేవారు తమ మూటలు దించుకొన్నప్పుడెల్లా కొంత ఊరట కలుగుతుందని వారి నమ్మకం. ఆ నమ్మకం మాట ఎట్లున్నా, కూతురిని పోగొట్టుకొన్న ఇల్లు తాము ఎన్నడూ చూడని బాటసారి మెడనొప్పిని తలచుకొన్నది. ఇది చిన్న సంగతి కాదు.

మోసేవానికి తెలుసు కావడి బరువు అని సామెత. గర్భాన్ని గురించి, మూటను గురించి, సంసారాన్ని గురించి చెప్పేటప్పుడు తెలుగువారు వాడే మాట ఒక్కటే: మోయడం. తమిళంలో కూడ ఇంటిల్లిపాది భారం నెత్తిన వేసుకొన్న మనిషిని సుమైతాంగి అనడం కద్దు. 1962లో శ్రీధర్ దర్శకత్వంలో ఆ పేరుతో ఒక చలనచిత్రం వచ్చింది. రాతి పేరు మనిషికి వచ్చింది గాని, రాయికి నొప్పి తెలియదు, మనిషికి తెలుస్తుంది. చదువు మాని తమ్ముళ్లను పెంచే పెద్దకూతురి ఓర్పును పొగిడేవారు చాలామంది. మూట కిందికి చేయి వేసేవారు తక్కువ.

కాన్పులో తల్లి పోతే అది తలరాత అని ఒకప్పుడు సరిపెట్టుకొనేవారు. తలరాతే అయితే లెక్కలు మారకూడదు. 1997-98లో మన దేశంలో ప్రతి లక్ష సజీవ జననాలకు 398 మంది తల్లులు మరణించారు. 2018-20 నాటికి ఆ సంఖ్య 97కు, తమిళనాడులో 54కు తగ్గింది. ఆసుపత్రి కాన్పులు, సమయానికి అందే రక్తం, తమిళనాడులో 2008లో మొదలైన 108 వాహనాలు ఇందుకు తోడ్పడినవి. డెంకణికోటలోనూ ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది. అయినా కొండ లోపలి పల్లెలకు ఆసుపత్రి చేరే దూరమే పెద్ద బరువు.

ఆంధ్ర మన్యంలో రోడ్డు లేని గిరిజన పల్లెలలో ఇటీవలి సంవత్సరాలలో కూడ నొప్పులు వచ్చిన స్త్రీని డోలీలో మోసుకొచ్చారు. గట్టి కర్రకు దుప్పటి కట్టి, ఆమెను అందులో పడుకోబెట్టి, ముందొకరు వెనుకొకరు భుజాన ఎత్తుకొంటారు. భుజం నొప్పి పుడితే పక్కన నడిచేవారు వంతు అందుకొంటారు. వాగులు దాటి, బురదలో జారుతూ, వాహనం నిలిచిన తారురోడ్డు దాకా అట్లే నడుస్తారు.