కొల్లేటి పక్షులు - కెమెరా

ఏలూరునకు దక్షిణమున గల కొల్లేటి సరస్సు 1999లో వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడెను. అందలి ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పెంచును. మనుష్యులు మిక్కిలి చేరువకు పోయినచో తల్లిపక్షులు బెదరి లేచిపోవును. గ్రుడ్లు ఎండపాలు, పిల్లలు కాకులపాలు అగును.

కావున ఇచ్చటి పక్షులను చిత్రింపగోరువారు డిజిటల్ కెమెరా కొనునపుడు, దూరపు వస్తువును దగ్గరగా చూపు టెలిఫోటో లెన్సు దానికి అమరునా యని ముందుగా చూడవలెను. 400 మిల్లీమీటర్ల లెన్సున్నచో గట్టునుండియే చిత్రము తీయవచ్చును. పక్షి చిన్నదిగా పడినను చింతలేదు. ఉచితముగా లభించు గింప్ అను సాఫ్ట్‌వేరుతో అంచులు కత్తిరింపవచ్చును, వెలుగు సరిచేయవచ్చును. మసకబారిన చిత్రమును మాత్రము అది పూర్తిగా బాగుచేయజాలదు. లేని పక్షిని చేర్చుట అసత్యము.

గూటికి కీడు చేయక తీసిన చిత్రమే మేలైన చిత్రము.