ఉరిమితే చెట్టు కిందికి పోవద్దు

ఏప్రిల్ నెల. కల్లంలో మిరపకాయ ఎండుతోంది. అత్తా కోడలూ తాలుకాయ ఏరుతున్నారు. ఎండ మండిపోతోంది. ఆకు కదలడం లేదు. ఒకటే ఉక్క.

కోడలి సెల్‌ఫోన్‌కు మెసేజి వచ్చింది. కోడలు ఈ మధ్యనే చదవడం నేర్చుకుంది. కూడబలుక్కుని చదివింది.

"మీ మండలంలో పిడుగులు పడే అవకాశం ఉంది. చెట్ల కింద ఉండకండి."

"ఇంత ఎండ కాస్తుంటే పిడుగులేంటే?" అంది అత్త.

"పడమర చూడత్తా. మబ్బు లేస్తోంది. ముందు పట్టాలు కప్పుదాం."

ఇద్దరూ కాయను కుప్పలు చేశారు. పట్టాలు కప్పి రాళ్ళు పెట్టారు. ఇంకా ఒక కుప్ప మిగిలింది. అంతలో ఉరిమింది.

"ఇది కూడా కప్పి వేపచెట్టు కింద నిలబడదాం" అంది అత్త.

"వద్దత్తా. కాయ మళ్ళీ పండించుకోవచ్చు. ప్రాణం ఎక్కడ తెచ్చుకుంటాం? పద!"

ఇద్దరూ బడిలోకి వెళ్ళారు. గాలివాన వచ్చింది. ఒక కుప్ప తడిసింది. మనుషులు మాత్రం క్షేమంగా ఇల్లు చేరారు.

పిడుగు ఎలా పుడుతుంది?

ఎండకు నేల కాగుతుంది. వేడిగాలి తేమతో పైకి లేస్తుంది. పైన బాగా చలి. అక్కడ తేమ నీటి బొట్లుగా, మంచు ముక్కలుగా మారుతుంది. పెద్ద మబ్బు తయారవుతుంది. మబ్బులో మంచు ముక్కలు ఒకదానికొకటి తగిలి రాసుకుంటాయి. కరెంటు పుడుతుంది. అది నేలకు దిగితే పిడుగు. మంచు ముక్కలు పెద్దవై కింద పడితే వడగళ్ళు.

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లోనే 36 వేలకు పైగా పిడుగులు నమోదయ్యాయి.

రంగులు చెప్పే మాట

వాతావరణ శాఖ హెచ్చరికలకు రంగులు ఉంటాయి.
పసుపు: గమనిస్తూ ఉండండి.
నారింజ: సిద్ధంగా ఉండండి.
ఎరుపు: వెంటనే జాగ్రత్త పడండి.

మనం ఏం చేయాలి?

1. ఉరుము వినబడితే పని ఆపాలి. వాన పడకపోయినా పిడుగు పడుతుంది.
2. పక్కా ఇంట్లోకి పోవాలి. చెట్టు, పందిరి కాపాడవు.
3. చెరువులో ఉంటే బయటికి రావాలి. కరెంటు స్తంభానికి దూరంగా ఉండాలి.
4. దగ్గరలో ఇల్లు లేకపోతే పాదాలు దగ్గర పెట్టి గొంతుక్కూర్చోవాలి. చెవులు మూసుకోవాలి. నేల మీద పడుకోవద్దు. గుంపుగా ఉండవద్దు.
5. పశువులను చెట్టుకు కట్టవద్దు.
6. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి బయటికి రావాలి.

ఉరిమితే మనం "అర్జునా, ఫల్గుణా" అనుకుంటాం. అనుకుందాం. కానీ ఇంట్లోకి వచ్చి అనుకుందాం.

పిడుగు తగిలితే?

ఆ మనిషిని ముట్టుకుంటే షాకు కొట్టదు. ఒంట్లో కరెంటు మిగలదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి. కొన్నిచోట్ల పేడలో కప్పుతారు. అలా చేస్తే విలువైన సమయం పోతుంది.

ఆలోచించండి, మాట్లాడండి

1. కోడలు ఒక కుప్పను ఎందుకు వదిలేసింది?
2. మీ పొలం దగ్గర పక్కా ఇల్లు ఏది? ఎంత దూరం?
3. మీ ఫోన్‌కు వచ్చిన హెచ్చరికను చదవండి. చదవడం రాని పక్కింటి వాళ్ళకు చెప్పండి.