సూరత్ పాండేసరలో గార్డెన్‌కు పోయే వేళలు



చిన్నోడా, నైట్ డ్యూటీ దిగి, పొద్దున్నే బిడ్డను ఎత్తుకొని గార్డెన్‌కు పోతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. పన్నెండు గంటలు సాంచాల, అదే మరమగ్గాల మోత విన్న చెవులకు ఆ కాస్త చెట్టు నీడ కావాల్సిందే. కానీ ఏడాది పొడుగునా అదే వేళకు పోతానంటే మాత్రం నేనొప్పుకోను. అది మన సిరిసిల్ల కాదు.

చలికాలం సంగతి ముందు చెప్తా. డిసెంబరు, జనవరిలో తెల్లారుజామున నేల చల్లబడి గాలి కదలదు. జీఐడీసీ పారిశ్రామికవాడ డైయింగ్ మిల్లుల పొగ పైకి లేవక మన ముక్కుల ఎత్తులోనే తిరుగుతుంది. పైగా అక్కడ పొద్దు మనకంటే దాదాపు అరగంట ఆలస్యంగా పొడుస్తుంది. పొద్దున నడక మంచిదని చెప్పినవాళ్లెవరూ పాండేసర పొగను చూసి చెప్పలేదు. ఎండ బాగా వచ్చి పొగ విడిపోయాక, తొమ్మిదికి పో. బిడ్డకు పిల్లికూతలు వినబడితే ఆ రోజు ఇంట్లోనే ఉంచు.

జనవరి 14న ఉత్తరాయణ్, పతంగుల పండుగ. సూరత్‌లో ఆ పండుగ చూడాల్సిందే, కానీ స్కూటర్ మీద తిరుగుతూ కాదు. పతంగి దారం మాంజాకు గాజుపొడి పట్టిస్తారు. నైలాన్ మాంజాను 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. అయినా అది దొంగచాటుగా దొరుకుతూనే ఉంటుంది. గొంతుకు అడ్డం పడితే కత్తే. బండికి ముందు తీగ గార్డు పెట్టించు, మెడకు గుడ్డ చుట్టుకో, బిడ్డను ముందు నిలబెట్టుకోకు. ఫ్లైఓవర్ల మీదికి బండి వద్దు, పోలీసులు కూడా ఆ రోజు ఆపుతుంటారు. పండుగ అయిపోయాక కూడా గార్డెన్ చెట్లకు దారాలు వేలాడుతుంటాయి. కరెంటు తీగకు చిక్కిన పతంగిని లాగకు.

ఇక ఎండాకాలం. సిరిసిల్లలో 44 డిగ్రీలు చూసినవాడివి, సూరత్‌లో 38 అంటే నవ్వుతావు. నవ్వకు. సముద్రపు గాలి తేమకు చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. 2010 మే వడగాడ్పులకు దెబ్బతిన్నాకే అహ్మదాబాద్ 2013లో ఎండల ప్రణాళిక రాసుకుంది. ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా పదకొండు నుంచి ఐదు వరకు గార్డెన్ మాట మర్చిపో. ఓఆర్ఎస్ పొట్లం సంచిలో ఉండాలి. లేకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో కొలిచి కలుపు. ఎవరైనా తడబడి మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా నీడకు చేర్చి ఒంటి మీద నీళ్లు పోసి, 108 అంబులెన్స్‌కు ఫోన్ చెయ్యి. తెలివిలో లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకు. ఆ 108 మన హైదరాబాద్‌లో 2005లో మొదలై, 2007లో గుజరాత్‌కు పోయింది. ఫోన్ చెయ్యడానికి మొహమాటపడకు.

ఇంకో మాట, ఇది నీకే. నైట్ డ్యూటీ కళ్లతో బిడ్డను ఊయల దగ్గర వదిలి బెంచీ మీద కునుకు తీయకు. కళ్లు మూతపడుతుంటే ముందు పడుకో, సాయంత్రం పో.

వానాకాలం అన్నిటికంటే తిప్పలు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నీళ్లు వదిలితే తాపీ నది పొంగి నగరంలో చాలా భాగం మునిగింది. కానీ మీ వైపు భయం తాపీ కంటే ఖాడీలది, అంటే వాగులది. గట్టి వాన పడితే నది నెమ్మదిగా ఉన్నా ఖాడీ నీళ్లు వీధుల్లోకి వస్తాయి. ఆ నీళ్లతో ఎలుక భయమూ ఉంది. ఎలుక అనగానే సూరత్ వాళ్లకు 1994 ప్లేగు, లక్షల మంది ఊరు విడిచిపోవడం గుర్తొస్తాయి. ఇప్పుడు ఎలుకతో వచ్చే అసలు భయం లెప్టో జ్వరం. ఎలుక మూత్రం కలిసిన నీళ్లు కాలి పుండ్లకు తగిలితే చాలు, అది ఒంట్లోకి పోతుంది. నిలిచిన నీళ్లలో చెప్పుల్లేకుండా నడవకు, బిడ్డను అసలే దింపకు. జ్వరంతో పిక్కలు పీకితే డాక్టరుకు ‘నీళ్లలో నడిచిన’ అని నీ అంతట నువ్వే చెప్పు, ఆయన అడిగేదాకా ఆగకు. మందులు సొంతంగా కొనొద్దు, మున్సిపాలిటీ హెల్త్ సెంటర్‌లో అడుగు. ఉరుము వినబడితే చెట్టు కింద నిలబడకు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి రా. తడిసిన లైటు స్తంభాలను ముట్టుకోకు.

గార్డెన్‌లో కుక్క కరిస్తే పసుపు, కారం పెట్టకు. పదిహేను నిమిషాలు సబ్బుతో పారే నీళ్ల కింద కడిగి, అదే రోజు సూది వేయించు. ఆదివారం గార్డెన్‌కు బదులు డుమస్ బీచ్‌కు పోతే సముద్రం దూరంగా ఉందని లోపలికి నడవకు. ఆ తీరంలో పోటు నీళ్లు చాలా తొందరగా తిరిగొస్తాయి.

మీ పెద్దమ్మ బిడ్డను చూడాలని పోరు పెడుతోంది. ఉత్తరాయణ్ పోయాకే టికెట్ తీస్తా. ఆమె మోకాళ్ల సంగతి తెలుసు కదా, మెట్లు లేని గార్డెన్ ఏదో చూసిపెట్టు.

మీ పెద్దబాపు