వాయులీనం - ఒక ప్రయాణం

హరికథ జరిగేచోట దాసుగారి పక్కన కూర్చొని ఫిడేలు వాయించే కళాకారుణ్ణి మీలో చాలామంది చూసే ఉంటారు. దాసుగారు పాడిన ప్రతి పలుకునూ ఆ ఫిడేలు తిరిగి పలుకుతుంది. ఇంతగా మనదైపోయిన ఈ వాద్యం మన దేశంలో పుట్టలేదు. ఐరోపా నుంచి ఓడల మీద వచ్చింది. దీనినే వయొలిన్ అనీ, వాయులీనం అనీ కూడా అంటారు.

ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786-1859) ఈ వాద్యాన్ని పాశ్చాత్య పద్ధతిలో నేర్చుకొని, కర్ణాటక సంగీతానికి అనువుగా మలచిన తొలి విద్వాంసులలో ఒకరు. పాశ్చాత్యులు వయొలిన్‌ను గడ్డం కింద ఆనించి వాయిస్తారు. మనవారు పద్మాసనంలా కాళ్ళు మడిచి కూర్చొని, వాద్యం కొసను కుడి పాదం మీద ఆనిస్తారు. రెండవ కొస ఎడమ భుజానికి, ఛాతీకి ఆని ఉంటుంది. ఇలా వాద్యం కదలకుండా కుదురుకోవడంవల్ల ఎడమచేయి తంత్రుల మీద స్వేచ్ఛగా జారుతుంది. వీణకు ఉన్నట్టుగా దీనికి మెట్లు లేవు. అందువల్ల ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారడం, స్వరాన్ని ఊపడం సులువు. మన సంగీతానికి ప్రాణమైన గమకాలు ఫిడేలు మీద చక్కగా పలకడానికి కారణం ఇదే. పాశ్చాత్యులు నాలుగు తంత్రులను నాలుగు వేరువేరు స్వరాలకు బిగించుకొంటే, మనవారు స-ప-స-ప అని శ్రుతి చేసుకొంటారు. వాద్యం అదే, దాన్ని పట్టుకొనే తీరు, శ్రుతి చేసే తీరు మాత్రం మారాయి.

చాలాకాలం ఫిడేలు పక్కవాద్యంగానే ఉండేది. గాయకుణ్ణి అనుసరించడమే దాని పని. అది ఒంటరిగా కూడా సభను రంజింపజేయగలదని తెలుగునాట నిరూపించినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు. ఆయన 1893 నవంబరు 8న బెంగుళూరులో జన్మించారు. పెరిగింది విశాఖపట్నంలో. అన్నగారి వద్ద తొలి పాఠాలు నేర్చారు. చూపు మందగించినా సాధన మానలేదు. 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల ఏర్పడింది. ఆదిభట్ల నారాయణదాసు దాని తొలి అధ్యక్షులు. నాయుడుగారు అక్కడికి విద్యార్థిగా చేరడానికి వెళ్ళారనీ, ఆయన వాద్యం విన్న దాసుగారు ఆచార్యుడిగానే చేర్చుకొన్నారనీ చెబుతారు. 1936లో నాయుడుగారే ఆ కళాశాలకు అధ్యక్షులయ్యారు. 1938లో వేలూరులో తొలిసారి సోలో కచేరీ చేశారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదునిచ్చింది. 1957లో పద్మశ్రీ లభించింది. ఆయన 1964లో కన్నుమూశారు.

నాయుడుగారు విజయనగరంలో పాఠాలు మొదలుపెట్టిన నాటికి గంజాం, బరంపురం కూడా మద్రాసు రాజధానిలో భాగాలే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. రాష్ట్రం మారినా రైలుదారి మారలేదు. మద్రాసు నుంచి హౌరా వెళ్ళే రైళ్ళు నేటికీ విజయనగరం, బరంపురం మీదుగానే సాగుతున్నాయి.

నాయుడుగారు పాశ్చాత్య సంగీతాన్ని కూడా శ్రద్ధగా వినేవారు. ఆ పద్ధతిలోని కమాను నడకను గమనించి, తన వాద్యానికి నిండుదనాన్ని తెచ్చుకొన్నారు. ప్రపంచ ప్రఖ్యాత వాయులీన విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ మద్రాసులో ఆయన వాద్యాన్ని విని ముగ్ధుడయ్యాడు. మెనుహిన్ 1952లో తొలిసారి భారతదేశానికి వచ్చి కచేరీలు చేసినవాడు. తరువాత సితార్ విద్వాంసుడు రవిశంకర్‌తో కలిసి ఆయన వాయించిన 'వెస్ట్ మీట్స్ ఈస్ట్' అనే రికార్డు 1967లో వెలువడి గ్రామీ బహుమతి పొందింది.

అక్కడినుంచి కథ కొత్త మలుపు తిరిగింది. రెండు సంప్రదాయాల కళాకారులు ఒకే బృందంగా ఏర్పడి దేశాలు తిరగడం మొదలైంది. 1970ల మధ్యలో ఏర్పడిన 'శక్తి' బృందం ఇందుకు మంచి ఉదాహరణ. అందులో ఆంగ్లేయుడైన జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, టి.హెచ్. వినాయకరామ్ ఘటం వాయించారు. చాలా ఏళ్ళ తరువాత ఈ బృందమే కొత్త సభ్యులతో 2023లో వెలువరించిన 'దిస్ మొమెంట్'కు 2024లో గ్రామీ బహుమతి వచ్చింది. మద్రాసులో వి.ఎస్. నరసింహన్ మరొక దారి పట్టారు. ఇళయరాజా 1986లో వెలువరించిన 'హౌ టు నేమ్ ఇట్'లో వయొలిన్ వాయించిన ఆయన, తరువాత మద్రాస్ స్ట్రింగ్ క్వార్టెట్ అనే బృందాన్ని నడిపారు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో కలిసి మన కృతులను వాయిస్తాయి. ఒక వాద్యం కృతిని నడిపిస్తూ ఉంటే, తక్కినవి పాశ్చాత్య పద్ధతిలో వేరే స్వరాలతో దానికి తోడు నిలుస్తాయి.

ఇటువంటి బృందంలో ఉండే కళాకారుడి జీవితం వినడానికి అందంగా ఉంటుంది కాని, సులువైనది కాదు. ఫిడేలు కొయ్యతో చేసింది. సముద్రతీరపు తేమగాలిలో కొయ్య ఉబ్బుతుంది. చలిదేశపు పొడిగాలిలో బిగుసుకొని, బిరడాలు జారి, శ్రుతి తప్పుతుంది. ఎక్కడ దిగినా ముందు చేయవలసిన పని తంత్రులను సరిచూసుకోవడమే. విమానంలోనూ రైలులోనూ పెట్టెను పిల్లవాడిలా కాపాడుకోవాలి. నిద్ర చాలకపోయినా ఉదయం సాధన ఆపరాదు.

అంతకన్న కష్టమైనది మరొకటి ఉంది. పాశ్చాత్య కళాకారుడు ఎదుట కాగితంపై రాసి ఉన్న స్వరాలను వాయిస్తాడు. మనవాడు గురుముఖంగా నేర్చినది జ్ఞాపకం ఉంచుకొని, వేదిక మీదనే కల్పన చేస్తాడు. ఇద్దరూ కలవాలంటే, అతడు కాగితం నుంచి తల ఎత్తాలి, ఇతడు కాగితం చదవడం నేర్వాలి. తన వంతు వచ్చేదాకా ఎదుటివాడి వాద్యాన్ని వినాలి.

ఇలా కలిపితే రాగం చెడుతుందని కొందరు పెద్దలు బాధపడతారు. ఆ భయం నిరాధారమైనది కాదు. గమకం వదిలేసి స్వరాలను మాత్రమే పలికిస్తే తోడి తోడిలా ఉండదు. అయితే పైన చెప్పిన విద్వాంసులందరూ మొదట ఒక సంప్రదాయాన్ని ఏళ్ళ తరబడి లోతుగా నేర్చినవారు. ఆ తరువాతనే మరొకదానితో చేయి కలిపారు. రెండూ సగం సగం తెలిసినవాడు ఆ పని చేయలేడు.

బరంపురంలో చదువుకొనే తెలుగు పిల్లలకు ఈ విషయం కొత్త కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో హిందీ, ఇంగ్లీషు వారికి అలవాటే. నాలుగు తంత్రుల వాద్యం ఎన్ని రాగాలైనా పలుకుతుంది. అయితే ముందు ఒక శ్రుతి కుదరాలి. ఇంటిభాషను చక్కగా చదవడం, రాయడం నేర్చిన పిల్లలకు తక్కిన భాషలూ ఆ విధంగానే పట్టుబడతాయి.

అభ్యాసం

1. వీణకు, ఫిడేలుకు గల ముఖ్యమైన తేడా ఏమిటి? గమకాలకు అది ఎలా ఉపకరిస్తుంది?
2. ద్వారం వెంకటస్వామి నాయుడు ఫిడేలుకు తెచ్చిన గౌరవాన్ని వివరించండి.
3. దేశాలు తిరిగే కళాకారుడికి ఎదురయ్యే ఇబ్బందులు రాయండి.
4. "ఇలా కలిపితే రాగం చెడుతుంది" - ఈ మాటతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు చెప్పండి.
5. మీ ఊరిలో వాద్యం వాయించే ఒకరిని కలిసి, వారు ఎలా నేర్చుకొన్నారో అడిగి, పది వాక్యాలు రాయండి.