మిరపచేనిలో నొక దినము

గడచిన మాఘమాసమున మేము తొమ్మిదవ తరగతి విద్యార్థులను వెంటబెట్టుకొని, గుంటూరునకు పడమరనున్న యొక గ్రామమున మిరపచేనిలో నొక దినము గడపితిమి. నిత్యము మనము తిను కారము వెనుక నెంత శ్రమ గలదో పిల్లలు కన్నులార చూడవలెనని మా తలంపు.

అచ్చటిది నల్లరేగడి నేల. తడిసిన నుబ్బును, ఎండిన బీటలు వాఱును. తేమను చిరకాలము నిలుపుకొనును గావున వర్షాధారముననే ప్రత్తి పండును. మిరపకు మాత్రము తడులు కావలెను. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమునుండి 1967లో కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువ గుంటూరు, ప్రకాశము సీమల మెట్టచేలను తడుపుచున్నది.

మిరప మన దేశమున బుట్టిన మొక్క కాదు. అమెరికా ఖండమునుండి పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసువారి వలన మనకు వచ్చినది. అంతకు పూర్వము మన పెద్దలు కారమునకు మిరియమునే వాడుచుండిరి.

ప్రొద్దు పొడుచునప్పటికే కూలి స్త్రీలు సాళ్లలో వంగి కాయలు కోయుచుండిరి. ఒక్క చేనినే రెండు మూడు మాఱులు కోయుదురు. కోసిన కాయలను కల్లములో పలుచగా పఱచి, ఊపినపుడు గింజలు గలగలలాడు వఱకు ఎండబెట్టుదురు. సాయంకాలము కుప్పచేసి పట్టాలు కప్పుదురు. తేమ సోకిన రంగు చెడును, బూజు పట్టును. రంగు చెడి తెల్లబాఱిన కాయలను తాలు అందురు. వానికి ధర తక్కువ. “ఒక్క వాన పడితే ఏడాది కష్టం తాలైపోతుందండీ” అని రైతు చెప్పెను. 2021లో క్రొత్తజాతి తామరపురుగు వ్యాపించి ఈ సీమలో పెక్కు మిరపచేలను పాడుచేసినది.

మధ్యాహ్నము కూలివారు చెట్టునీడను భోజనమునకు గూర్చుండిరి. వారు కర్నూలు పడమటి పల్లెలనుండి కుటుంబములతో వలసవచ్చినవారు. వారిలో పండ్రెండేండ్ల బాలిక యొకతె యుండెను. “బడికెప్పుడు పోతావు?” అని మా విద్యార్థిని యడిగెను. “కోతలైపోయినాక, అక్కా” అని యామె మండుచున్న చేతులను పావడాకు తుడుచుకొనెను. కోతలు ముగియునప్పటికి పరీక్షలును ముగియును. మా పిల్లలు మఱి మాటలాడలేదు.

ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకు ప్రతి బిడ్డకును ఉచిత విద్య హక్కనియు, వలసవచ్చినవారి బిడ్డలను బడిలో చేర్చుట స్థానికాధికారుల విధి యనియు 2009 నాటి చట్టము చెప్పుచున్నది. ఆ సాయంకాలమే మేము ఆ యూరి బడి ప్రధానోపాధ్యాయుని గలిసికొంటిమి. ఆయన బాలికను చేర్చుకొందు ననెను. తండ్రి ఆలోచించి చెప్పెద ననెను.

మా పాఠకులలో చేలుగల తలిదండ్రులు పెక్కురు గలరు. కోతలకు వచ్చువారి వెంట బడియీడు బిడ్డలున్నయెడల, వారి చేతికి గోతము నీయక, దగ్గఱి బడికి వర్తమానము పంపుడని మా విన్నపము. పిల్లలారా, రేపు అన్నములో కారము కలుపుకొనునపుడు ఆ బాలికను తలంచుకొనుడు. ఆమెకు దొరకని బడి మీకు దొరకినదని యెఱిగి శ్రద్ధతో చదువుకొనుడు.